పెట్రోలు బాకీ

పెట్రోలు ధర పెరిగితే తిట్టుకుంటాం. పెరగకపోతే హమ్మయ్య అనుకుంటాం. ఆ పెరగని ధర ఎవరు కట్టారు అని మాత్రం అడగం. ఆ సంగతే కాస్త చూద్దాం.

2002 ఏప్రిల్‌లో పెట్రోలు, డీజిలు ధరల మీద అదుపు ఎత్తేశామని కేంద్రం ప్రకటించింది. కాగితం మీద! ముడిచమురు ధర ఎగబాకేసరికి పగ్గాలు మళ్ళీ ఢిల్లీ చేతికే వెళ్ళాయి. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, మన విశాఖలో రిఫైనరీ ఉన్న హిందుస్తాన్ పెట్రోలియం... మూడూ అంతర్జాతీయ ధర కంటే తక్కువకే అమ్మాలి. ఆ తేడాకి "అండర్ రికవరీ" అని ఓ ముద్దుపేరు.

కొంత భారం ఓఎన్‌జీసీ లాంటి కంపెనీల నెత్తిన పడింది. మిగతాది ఖజానా నుంచి రావాలి. నగదు ఇస్తే ద్రవ్యలోటు పెరిగినట్టు కనిపిస్తుంది కదా! అందుకని 2005-10 మధ్య డబ్బుకి బదులు బాండ్లు ఇచ్చారు. ఇక్కడ అమెరికాలో మనం క్రెడిట్ కార్డు గీకినట్టే అనుకోండి.

రహస్యమేమీ కాదు. 2008 జూన్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా టీవీలో చెప్పారు, ఈ బాండ్లతో మన భారాన్ని పిల్లల మీదకి నెడుతున్నామని. ఆ మరుసటి నెలలోనే ముడిచమురు బ్యారెల్ 147 డాలర్లు తాకింది.

ఆర్టీసీ బస్సుకీ, రైతు ట్రాక్టరుకీ చవక డీజిలు అందింది, నిజమే. కానీ సబ్సిడీ లీటరు లెక్కన ఇస్తే ఎక్కువ తాగే బండికే ఎక్కువ ముడుతుంది. డీజిలు కారున్న ఆసామికి దక్కినంత, బస్సులో వెళ్ళే కూలీకి దక్కదు. బాకీ మాత్రం ఇద్దరిదీ.

పెట్రోలు మీద అదుపు 2010లో, డీజిలు మీద 2014లో తీసేశారు. వడ్డీ ఆగలేదు, ఏటా సుమారు 10 వేల కోట్లు. 2021 నాటికి అసలు ఇంకా 1.3 లక్షల కోట్లు ఉంది. ఈ బాకీ వల్లే పన్ను తగ్గించలేకపోతున్నామని ఆ ఏడాది ఆర్థికమంత్రి అన్నారు. అయితే 2020-21లో పెట్రోలు, డీజిలు మీద కేంద్రానికి వచ్చిన ఎక్సైజు 3.35 లక్షల కోట్లు! లెక్క సామాన్యుడికి కనపడకపోతే ఇదే చిక్కు. ఒకరు దాని చాటున ఖర్చు పెడతారు, ఇంకొకరు దాన్ని చూపించి వసూలు చేస్తారు.

చివరి బాండ్ల గడువు 2026 మార్చి. 2008లో పుట్టిన పిల్లలకి ఓటు హక్కు వచ్చే ఏడాది అది. వాళ్ళు పుట్టేనాటికి తాగేసిన డీజిలుకి, వాళ్ళు సబ్బు కొన్నా బిస్కెట్ కొన్నా కట్టిన పన్నులోంచే ఇన్నాళ్ళూ వడ్డీ వెళ్ళింది. ఈసారి ఏ ప్రభుత్వమైనా ధర పెంచలేదని చెప్పుకుంటే, బిల్లు ఎవరి పేరున రాశారో అడుగుదాం.