స్కోలిన్ నుంచి జన్యుపటం దాకా: ఒక ఎంజైమ్ చరిత్ర

ఎవరి శరీర తత్త్వానికి తగిన మందు వారికి ఇవ్వాలన్న ఆలోచనకు నేడు ప్రెసిషన్ మెడిసిన్ అని పేరు. 2003లో మానవ జన్యుపటం పూర్తయినట్టు ప్రకటించిన తరువాతే ఈ ఆలోచన పుట్టిందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి దాని తొలి అడుగులు అంతకు అర్ధశతాబ్దం ముందే ఆపరేషన్ థియేటర్లలో పడ్డాయి. ఆ చరిత్రలో తెలుగువారికి నేరుగా సంబంధించిన అధ్యాయం ఒకటి ఉంది. అందుకే ఈ వ్యాసంలో క్యాన్సర్ మందులను పక్కన పెట్టి, మత్తు వైద్యులకు మాత్రమే బాగా తెలిసిన ఒక ఎంజైమ్ కథను ఎన్నుకున్నాను.

శస్త్రచికిత్సకు ముందు రోగి శ్వాసనాళంలోకి గొట్టం వేయాలంటే కండరాలు కొద్దిసేపు పూర్తిగా సడలిపోవాలి. అందుకు వాడే మందు సక్సామిథోనియం. మన ఆసుపత్రులలో దానిని స్కోలిన్ అంటారు. ఈ పదార్థాన్ని 1906లోనే అమెరికాలో హంట్, టావో అనే ఇద్దరు పరిశీలించారు. కాని దాని అసలు గుణం వారి కంటికి కనిపించలేదు. కారణం విచిత్రమైనది. ప్రయోగానికి వాడిన జంతువులకు వారు ముందుగానే క్యురారే ఇచ్చి ఉన్నారు. అప్పటికే కదలిక లేని జంతువు ఈ మందు వల్ల కదలిక కోల్పోయిందని ఎవరు గుర్తించగలరు? నాలుగు దశాబ్దాల తరువాత, 1949లో, ఇటలీలో డేనియల్ బోవే ఆ గుణాన్ని బయటపెట్టారు. 1951 నాటికి ఐరోపాలో అది రోగులకు వాడుకలోకి వచ్చింది.

మందు వచ్చిన కొత్తలో వైద్యులు దానిని వరంగా భావించారు. సూది వేసిన నిమిషంలోపే పనిచేస్తుంది, కొద్ది నిమిషాలలోనే ప్రభావం తొలగిపోతుంది. అంత త్వరగా తొలగిపోవడానికి కారణం మన రక్తరసంలో ఉండే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. కాలేయం దీనిని తయారుచేస్తుంది. ఇచ్చిన మందులో అధికభాగాన్ని అది కండరాలను చేరకముందే విచ్ఛిన్నం చేస్తుంది. అయితే 1952 నాటికే బ్రిటిష్ వైద్య పత్రికలలో కలవరపరిచే వార్తలు కనిపించాయి. కొందరు రోగులకు ఐదు నిమిషాలలో తిరిగి రావలసిన శ్వాస గంటల తరబడి రాలేదు. అటువంటి వారి రక్తంలో ఈ ఎంజైమ్ శక్తి బాగా తక్కువగా ఉన్నట్టు తేలింది.

ఆ స్థితిని పాఠకులు ఒక్కసారి ఊహించాలి. గుండె ఆడుతూనే ఉంటుంది. మత్తు తగ్గితే స్పృహ కూడా వస్తుంది. కాని కనురెప్ప కదపడానికైనా, పిలుపుకు బదులు పలకడానికైనా, ఊపిరి తీయడానికైనా శక్తి ఉండదు. వెంటిలేటర్ ఉండి, మత్తును కొనసాగిస్తూ, ఓపికగా కనిపెట్టుకొని ఉండే వైద్యుడు ఉంటే ఏ హానీ లేకుండా రోగి కోలుకుంటాడు. ఆ సదుపాయం లేనిచోట మాత్రం చిన్న ఆపరేషన్ ప్రాణాంతకమవుతుంది.

ఈ చిక్కుముడిని విప్పినవాడు జర్మనీలో పుట్టి కెనడాలోని టొరంటోలో పనిచేసిన వెర్నర్ కాలో. ఈ రోగులలో ఎంజైమ్ పరిమాణం మాత్రమే తక్కువా, లేక దాని స్వభావమే వేరా అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. దానికి సమాధానంగా 1957లో ఒక సులువైన పరీక్షను ప్రకటించాడు. డిబుకెయిన్ అనే మందును కలిపినప్పుడు మామూలు మనిషి ఎంజైమ్ పని సుమారు 80 శాతం అణగిపోతుంది. ఈ రోగుల ఎంజైమ్ 20 శాతమే అణగుతుంది. కుటుంబ సభ్యులను పరీక్షిస్తే కొందరికి 60 దగ్గర వచ్చింది. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు జన్యు ప్రతులలో రెండూ మారినవారు, ఒకటి మారినవారు, ఏదీ మారనివారు మూడు వర్గాలుగా స్పష్టంగా విడిపోయారు. అప్పటికి ఆ జన్యువును ఎవరూ చూడలేదు. ఒక ప్రోటీన్ ప్రవర్తనను కొలిచి, దాని వెనుక ఉన్న వారసత్వాన్ని చదివారు. నా దృష్టిలో నేటి ప్రోటియోమిక్స్ శాస్త్రానికి ఇంతకంటే చక్కని పూర్వరంగం లేదు.

అదే కాలంలో అమెరికాలో మరో మందు ఇదే పాఠం చెప్పింది. మలేరియాకు వాడే ప్రైమాక్విన్ కొందరిలో ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తోంది. దానికి కారణం జి6పిడి అనే ఎంజైమ్ లోపమని 1956లో తేలింది. మన్యం ప్రాంతాలలో మలేరియా చికిత్స చేసే వైద్యులు ఈనాటికీ ఈ విషయాన్ని గుర్తుంచుకోవలసిందే. ఇటువంటి పరిశీలనలన్నిటికీ కలిపి 1959లో జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ ఫోగెల్ ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు. 1962లో కాలో ఆ శాస్త్రంపై తొలి గ్రంథాన్ని వెలువరించాడు.

జన్యువు కంటబడడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1987లో ఆక్సానా లాక్రిడ్జ్ బృందం ఈ ప్రోటీన్‌లోని 574 అమైనో ఆమ్లాల వరుసను చదివింది. 1989లో అసలు తేడా ఎక్కడుందో తెలిసింది: 70వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు గ్లైసిన్. ఇన్ని వందల అమైనో ఆమ్లాలలో ఒక్కటి మారితే రోగి శ్వాస గంటల తరబడి ఆగిపోతుంది!

ఇక తెలుగునాటి అధ్యాయం. ఆంధ్రప్రదేశ్‌లోని వైశ్యులలో ఈ ఎంజైమ్ దాదాపుగా పనిచేయని వ్యక్తులు అసాధారణ సంఖ్యలో ఉన్నారని 1979లో హ్యూమన్ జెనెటిక్స్ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. అది జన్యు పరీక్షలు లేని కాలం. రక్తరసంలో ఎంజైమ్‌ను కొలిచి చెప్పిన మాట అది. ఆ లోపానికి మూలమైన జన్యు మార్పు 2006లో బయటపడింది. ఐరోపాలో కనిపించిన 70వ స్థానం కాదు ఇది. 307వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ వచ్చి చేరింది.

ఒక సమూహంలోనే ఇది ఎందుకు పేరుకుంది? దీనికి జవాబు మన హైదరాబాదులోని సీసీఎంబీ నుంచి వచ్చింది. లాల్జీ సింగ్, తంగరాజ్‌లు అమెరికాకు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో నేచర్ పత్రికలో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వైశ్యుల పూర్వీకుల సంఖ్య వందకు పైగా తరాల క్రితం బాగా కుదించుకుపోయింది. ఆ కొద్దిమంది సంతతి తమలో తామే వివాహాలు చేసుకుంటూ లక్షలుగా విస్తరించింది. తొలి పూర్వీకులలో ఎవరో ఒకరు మోసిన మార్పు అలా చాలామందికి చేరింది. 2017లో ఇదే పరిశోధకుల పంథాలో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించగా, 81 సమూహాలలో ఇటువంటి చరిత్ర ఫిన్లండ్ వారి కంటే, అష్కెనాజీ యూదుల కంటే బలంగా కనిపించింది. వైశ్యులలో ఈ ఎంజైమ్ లోపం ఇతరుల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువని ఆ వ్యాసమే పేర్కొంది.

ఈ వాక్యాన్ని అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది గనుక కొంచెం ఆగి చెప్పాలి. ఇది ఒక కులానికి అంటగట్టవలసిన జబ్బు కాదు. ఈ లోపం ఉన్నవారు నిండు ఆరోగ్యంతో జీవిస్తారు. ఆ మందు తగలనంతవరకు వారికి తేడాయే తెలియదు. ఆ సమూహంలోని వారందరికీ ఇది ఉండదు, ఇతరులలో ఎవరికీ ఉండదనీ కాదు. కులం పేరు విని అనుమానించడం వైద్యంలో మొదటి మెట్టు మాత్రమే. ఆ వ్యక్తి రక్తాన్ని పరీక్షించడమే నిర్దిష్టత. పేరు విని ఆగిపోయే వైద్యం పాత వైద్యమే.

జన్యువు తెలిస్తే చాలునా? చాలదు. జన్యువు పుట్టుకతో వచ్చిన సంగతిని చెబుతుంది. ప్రోటీన్ ఈనాటి సంగతిని చెబుతుంది. జన్యువు నిక్షేపంగా ఉన్నా గర్భిణులలో, కాలేయ వ్యాధి ఉన్నవారిలో, పోషకాహార లోపం ఉన్నవారిలో ఈ ఎంజైమ్ తగ్గుతుంది. పురుగుమందు తాగి వచ్చినవారికి మన జిల్లా ఆసుపత్రులలో చేసే కోలినెస్టరేజ్ పరీక్ష చాలాచోట్ల ఈ ఎంజైమ్‌నే కొలుస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ విషాలు దీనిని అణచివేస్తాయి. పుట్టుకతోనే ఎంజైమ్ లేని వ్యక్తికి ఈ పరీక్ష చేస్తే, విషం తాకకపోయినా తాకినట్టు చూపుతుంది. రోగి లక్షణాలు చూడకుండా కాగితం మాత్రమే చదివే వైద్యుడు అక్కడ పొరబడతాడు.

శరీరంలోని ప్రోటీన్లన్నిటినీ ఇలా కొలిచే ప్రయత్నమే ప్రోటియోమిక్స్. అందులోనూ భారతీయుల పాత్ర చిన్నది కాదు. 2014లో అఖిలేశ్ పాండే నాయకత్వంలో, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ భాగస్వామిగా, మానవ ప్రోటీన్ల తొలి ముసాయిదా పటం నేచర్‌లో వెలువడింది. ఆరోగ్యవంతమైన 30 రకాల కణజాలాలను, కణాలను పరిశీలించి 17,294 జన్యువుల ప్రోటీన్లను గుర్తించారు. ఇక జీనోమ్ ఇండియా పథకం కింద పదివేలమంది భారతీయుల జన్యుక్రమాలు చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో ఉంచారు. పాశ్చాత్యుల పటాలలో 307వ స్థానపు మార్పు వంటివి పట్టుబడవు గనుక ఈ పని మనకు అవసరమైనది.

అయితే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మనిషికి జన్యుపటం అవసరం లేదు. మీ కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చిన తరువాత శ్వాస ఆలస్యంగా వచ్చిందా, చాలాసేపు వెంటిలేటర్ మీద ఉంచారా అన్నది గుర్తు తెచ్చుకొని మత్తు డాక్టరుకు ముందుగానే చెప్పండి. అనుమానం ఉంటే సీరం కోలినెస్టరేజ్ పరీక్ష చేయిస్తారు; లోపం తేలితే స్కోలిన్‌ను వదలి రోక్యూరోనియం వంటి మరో మందు వాడతారు. మివాక్యూరియం కూడా ఇదే ఎంజైమ్ మీద ఆధారపడే మందు గనుక దానికీ దూరంగా ఉంటారు. లోపం తేలినవారి తోబుట్టువులలో ప్రతి ఒక్కరికీ అది ఉండే అవకాశం సాధారణంగా నాలుగింట ఒక వంతు. కనుక వారికీ అదే పరీక్ష చేయించి, ఫలితాన్ని రాసి దగ్గర ఉంచుకోమని చెప్పాలి.