జుట్టుపోలిగాడి నాటక సమాజం

ఆంధ్ర నాటకరంగ చరిత్ర చదివే విద్యార్థికి ధర్మవరం అనగానే ఒక మనిషి గుర్తొస్తాడు గాని ఊరు గుర్తుకు రాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్ళారిలో వకీలు. సరసవినోదినీ సభ వెలయించి, తానే నాటకం రాసి, తానే వేషం కట్టి, తానే ఆడించి 'ఆంధ్ర నాటక పితామహుడు' అనిపించుకున్నాడు. ఆయన 'విషాద సారంగధర' తెలుగులో తొలి విషాదాంత నాటకమని సాహిత్య చరిత్రలు చెపుతాయి. హాస్యం మాట వచ్చేసరికి అవే చరిత్రలు గోదావరి ఒడ్డుకు పోతాయి. 1880లో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో ఆడించిన 'వ్యవహార ధర్మబోధిని' దగ్గర మొదలుపెట్టి, 1892లో విజయనగరంలో ప్రదర్శించిన 'కన్యాశుల్కం' దగ్గర శిఖరం చూపిస్తాయి. ఈ లెక్కన రాయలసీమకు ఏడుపు, కోస్తాకు నవ్వు పంపకం జరిగినట్టుంది!

ఈ పంపకంలో మోసం ఏమీ లేదు, అచ్చు పుస్తకాన్నే ఆధారంగా తీసుకుంటే. అయితే అచ్చు పుస్తకం లేని నాటకం సంగతేమిటి? బళ్ళారి వకీళ్ళు సభలు పెట్టుకోకముందునుంచీ ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పల్లెల్లో హాస్యాన్ని వృత్తిలో భాగం చేసుకున్న నాటక సమాజాలు తిరుగుతూనే ఉన్నాయి. వాటికి తెర ఉంది, పాత్రలున్నాయి, పాత్రధారులున్నారు, అందరినీ నడిపించే పెద్ద ఉన్నాడు. లేనిదల్లా కరపత్రం మీద పేర్లు. తోలుబొమ్మలాటను మనం 'జానపద కళారూపాలు' అనే గదిలో పెట్టి తాళం వేశాం. నాటకరంగ చరిత్ర అనే పెద్ద సావడిలోకి రానివ్వలేదు. ఆ తాళం ఒకసారి తీసి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరుంది. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడి బొమ్మలాట కుటుంబాలు ఇంట్లో ఆరె మాట, అంటే మరాఠీ యాస మాట్లాడుకుంటాయి. తెర వెనక కూర్చుంటే మాత్రం రంగనాథ రామాయణ ద్విపద పాడతాయి. ఇంటి భాష ఒకటి, రంగస్థల భాష మరొకటి. వేరే మాతృభాష గలవాళ్ళు తెలుగు ద్విపదను తరతరాలుగా నోట నిలిపి ఉంచడం చిన్న విషయం కాదు. పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర'లోనే బొమ్మలాట ప్రస్తావన ఉందంటే ఈ కళ వయసు ఎంతో ఊహించుకోవచ్చు.

ఇక తారాగణం. రాముడు, సీత, రావణుడు, హనుమంతుడు గ్రంథం నుంచి దిగివచ్చిన వాళ్ళు. వాళ్ళకు పద్యం ఉంది, దాన్ని దాటడానికి వీల్లేదు. వాళ్ళ పక్కన ఏ గ్రంథంలోనూ లేని మరొక కుటుంబం ఉంది. జుట్టుపోలిగాడు మొగుడు, బంగారక్క పెళ్ళాం, వాళ్ళ మధ్యన దూరేవాడు కేతిగాడు. వినాయకుడి ప్రార్థన, సరస్వతి ప్రార్థన అయీకాగానే తెర మీదికి వచ్చేది వీళ్ళే. దేవుడి బొమ్మకు ఠీవి ముఖ్యం కనుక కదలిక తక్కువ. ఈ బొమ్మలకు కాలూ చెయ్యీ నడుమూ అన్నీ విడివిడిగా ఊగుతాయి. దేవుడు పద్యంలో మాట్లాడితే వీళ్ళు ఆ పల్లె వాడుక మాట్లాడతారు. దేవుడు త్రేతాయుగం వాడు. వీళ్ళు ఈ రాత్రి, ఈ ఊరి వాళ్ళు. ఊరి పెద్ద పిసినారితనం, అప్పులిచ్చినవాడి దాష్టీకం, తెరముందు కునుకు తీస్తున్న రెడ్డిగారి గురక కూడా వాళ్ళ సంభాషణలోకి వచ్చేస్తాయి. పగలు ఊరి నడుమ అనలేని మాటను రాత్రి దీపం వెలుగులో మేకతోలు బొమ్మ అంటుంది. కోపం వస్తే బొమ్మ మీద కోపం తెచ్చుకోవాలి!

హిందూపురం వైపు పోతే ఈ హాస్యానికి మరో తలుపు తెరుచుకుంటుంది. అది సరిహద్దు సీమ, తెలుగు కన్నడం ఒకే సంతలో బేరమాడుకునే చోటు. కర్ణాటకలో ఈ బొమ్మలాట వాళ్ళను కిళ్ళేక్యాతలంటారు. కిళ్ళేక్యాత అనేది వాళ్ళ హాస్యపు బొమ్మ పేరు కూడా. ఇవతల కేతిగాడు, అవతల కిళ్ళేక్యాతుడు. బంగారక్క రెండువైపులా బంగారక్కే. రాష్ట్రాల సరిహద్దు గీత ఆమెకు అడ్డం రాలేదు. ఒక జాతి తన వృత్తి పేరుగా హాస్యగాడి పేరునే ధరించడం మరెక్కడ చూస్తాం?

ఆ పక్కనే లేపాక్షి. వీరభద్రాలయం కప్పు మీది పదహారో శతాబ్దపు చిత్రాలనూ నిమ్మలకుంట బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు పోలికను ఊరికే వదిలిపెట్టలేదు. అదే పక్కవాటు మొహం, అదే పెద్ద కన్ను, అదే అంచుల అలంకారం. ఆ ఆలయ నిర్మాణంతో ముడిపడిన విరూపణ్ణ అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో రాచకొలువు అధికారి. 1565 తర్వాత విజయనగర రాజధానే పెనుకొండకు తరలింది. ఆ పతనాన్ని కోలాచలం శ్రీనివాసరావు బళ్ళారిలో నాటకంగా రాశాడు. రాజులు పోయిన కథ అలా గ్రంథానికెక్కింది. కొలువుల చుట్టూ బతికిన చేతిపనివాళ్ళు, ఆటవాళ్ళు ఆ తర్వాత ఏ ఊరి రచ్చబండ దగ్గర ఏ గింజలకు ఆడారన్న కథ మాత్రం ఎవరూ రాయలేదు. ఆ పోలిక ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నదో తేల్చడం కళాచరిత్రకారుల పని. నాకు ముఖ్యమైనది మరొకటి. లేపాక్షి గోడకు దాత పేరుంది. బొమ్మకు లేదు.

ఇప్పుడు దర్శకుడి సంగతి. బొమ్మలాటలో ఆ మాటే లేదు. కుటుంబ పెద్దే అన్నీ. ప్రధాన బొమ్మలు పట్టేదీ, పద్యం ఎత్తుకునేదీ ఆయనే. మిగతావాళ్ళు హార్మోనియం, మద్దెల, తాళాలు, కాలికింద చెక్కలు. యుద్ధం వచ్చినప్పుడు ఆ చెక్కలమీద తొక్కితే ప్రేక్షకుడి గుండె అదురుతుంది. అయితే ఆయన దర్శకత్వ ప్రతిభ కనబడేది యుద్ధంలో కాదు, యుద్ధానికి ముందు. ఆట రాత్రంతా సాగుతుంది. మూడో జాముకు జనం కళ్ళు వాలుతాయి. పాడే గొంతు అలుస్తుంది. తర్వాతి ఘట్టానికి బొమ్మలు తీసి సిద్ధం చేయాలి. అప్పుడు పెద్ద కళ్ళతోనే సైగ చేస్తాడు, బంగారక్క దూకుతుంది. ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు వెళ్ళాలి అన్నది ఏ ప్రతిలోనూ ఉండదు. జనం నవ్వు వినబడే తీరునుబట్టి తేలుతుంది. ప్రేక్షకుల నాడి పట్టుకుని అప్పటికప్పుడు నాటకాన్ని కూర్చే ఈ పనిని, పడమటి దేశాల్లో ఎవరైనా చేస్తే ప్రయోగమని మనవాళ్ళు వ్యాసాలు రాస్తారు.

మరొక విషయం మరీ ముఖ్యం. బళ్ళారి సభల్లో స్త్రీ పాత్రలు మగవాళ్ళు వేశారు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ (1880-1946) స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని రంగం మీదికి తెచ్చినప్పుడు అది పెద్ద సాహసమని చెప్పుకున్నారు. సాహసమే, కాదనను. కాని తెల్లగుడ్డ తెర వెనక సీత పాటైనా, మండోదరి ఏడుపైనా ఇంటి ఆడవాళ్ళ గొంతులోంచే వచ్చేది. చంకలో బిడ్డతో పాడేవాళ్ళు. దాన్ని ఎవరూ సంస్కరణ అనలేదు. ఎందుకంటే అది కూలి. మధ్యతరగతి స్త్రీ రంగం మీదికొస్తే చరిత్ర, బొమ్మలాట స్త్రీ పాడితే బతుకుతెరువు! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ఆడి మొదలైన సురభి సమాజం కూడా ఈ ఆరె కుటుంబాల నుంచి, ఈ బొమ్మలాట నేపథ్యం నుంచే వచ్చింది. ఇంటిల్లిపాదీ నటులు కావడం, ఆడవాళ్ళు వేషాలు కట్టడం వాళ్ళకు కొత్తగా నేర్చుకోవలసిన పాఠం కాలేదు. ఈ సంబంధాన్ని మన చరిత్రకారులు ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోతారు. ఆగవలసింది అక్కడ.

అలాగని బంగారక్క నవ్వంతా ప్రగతిశీలమని నేను వాదించను. పెళ్ళాన్ని తన్నడం అందులో నవ్వులాట. ఆడదాని కోరిక అందులో వేళాకోళం. కులాన్ని ఎత్తిపొడిచే మాటలూ ఉన్నాయి. ప్రజాకళ అయినంత మాత్రాన భూస్వామ్య సంస్కారం అంటకుండా ఉండదు. కాని బంగారక్క ఊరికే తన్నులు తినదు, తిరిగి తంతుంది, మొగుణ్ణి నలుగురిలో నిలదీస్తుంది. ఈ వైరుధ్యాన్ని పరిశీలించకుండా 'బూతు' అని ఒక్క ముక్కతో కొట్టిపారేసింది సంస్కర్తలే కాదు, మనం కూడా. 1943 తర్వాత ప్రజానాట్యమండలి బుర్రకథను చేతబట్టి ఊరూరా మోగించింది. ఆ చోటు బొమ్మలాటకు దక్కలేదు. తోలుబొమ్మలు అన్నిచోట్లా ఉండవు, నిజమే. కాని బంగారక్కను మన వేదిక మీద ఏం చేయాలో మనకు తోచకపోవడం కూడా ఒక కారణమని నా అనుమానం.

సినిమా వచ్చింది, ఆ తర్వాత టెలివిజన్ వచ్చింది. రాత్రంతా కూర్చునే జనం తగ్గారు. కరువు సీమలో వాన కోసం బొమ్మలాట ఆడించే మొక్కు కూడా సన్నగిల్లింది. నిమ్మలకుంట చేతులు ఊరుకోలేదు, అదే తోలుతో దీపాల గొడుగులు, గోడ బొమ్మలు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. అదే జాబితాలో శ్రీకాకుళం జిల్లా రంగస్థల నటుడు యడ్ల గోపాలరావు పేరూ ఉంది. బొమ్మ పట్టినవాడూ మొహానికి రంగు వేసుకున్నవాడూ ఒకే వరసలో కనబడటం, మన నాటకరంగ చరిత్రల్లో జరగనిది, ప్రభుత్వ జాబితాలో జరిగింది.

తోలు మీద చెట్టూ నెమలీ బతుకుతాయి. దీపం గొడుగు మీద అవి బాగానే ఉంటాయి. రాముడికి రంగనాథ రామాయణం అచ్చులో ఉంది, ఎవరైనా తీసి పాడుకోవచ్చు. జుట్టుపోలిగాడికి మాత్రం ఏ ప్రతీ లేదు. వాడి మాట పెద్దవాళ్ళ నాలుక మీదే ఉంది. రాత్రంతా ఆడి, జనాన్ని నవ్వించి, ఎప్పుడు సైగ చేయాలో తెలిసినవాళ్ళు నిమ్మలకుంటలో ఇంకా కొందరున్నారు. మన సాహిత్య విద్యార్థులు పరిశోధనకు అంశాలు లేవని వాపోతూ ఉంటారు. ధర్మవరం స్టేషన్లో రైలు దిగితే ఆ ఊరికి ఎంతో దూరం లేదు.