లాహోరు చిన్న పుస్తకం: 295ఎ సెక్షను పుట్టుక

భారతదేశంలో మతపరమైన మనోభావాలు దెబ్బతిన్నాయన్న ఫిర్యాదు ఎక్కడ నమోదైనా, దాని వెంట దశాబ్దాల పాటు వినిపించిన అంకె 295ఎ. 1860 నాటి మూల శిక్షాస్మృతిలో ఈ సెక్షను లేదు. అరవై ఏడేళ్ళ తర్వాత, లాహోరులో అచ్చయిన ఒక ఉర్దూ చిన్న పుస్తకం మూలంగా అది చట్టంలోకి వచ్చింది.

మెకాలే నాయకత్వంలో తయారైన ఆ స్మృతికి మతవిషయాల్లో ఒక జాగ్రత్త ఉండేది. ఎదుటివాడి మతభావాలను గాయపరచాలన్న బుద్ధిపూర్వకమైన ఉద్దేశంతో మాట అన్నా, శబ్దం చేసినా, సైగ చేసినా 298వ సెక్షను కింద నేరం. రాత మాత్రం అందులో లేదు. ముఖం మీద అన్న మాటకు అప్పటికప్పుడు కొట్లాట పుడుతుంది. పుస్తకాన్ని మూసి పక్కన పెట్టవచ్చు. మతాలను గురించి వాదించుకునే స్వేచ్ఛకు కొంత చోటు మిగల్చాలని స్మృతికర్తలు తలచారు. 1898లో చేరిన 153ఎ సెక్షను వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడానికి సంబంధించినది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీలోకి లాహోరు పుస్తకం వచ్చి పడింది.

ఖిలాఫత్ ఉద్యమం నాటి ఐక్యత అప్పటికే చెదిరిపోయింది. పంజాబులో ఒకవైపు ఆర్యసమాజం శుద్ధి ఉద్యమం, మరొకవైపు తబ్లీగ్ ప్రచారం. ఒకరి ఆరాధ్యులను మరొకరు ఎగతాళి చేసే చవకరకం పుస్తకాలు ఇరువైపులా అచ్చవుతుండేవి. సీతాదేవిని కించపరుస్తూ వచ్చిన ఒక రచనకు జవాబుగానే ఈ పుస్తకం వెలువడిందని చెబుతారు. ‘రంగీలా రసూల్’ అన్న పేరుతో, పైకి పొగడ్తలాగా సాగుతూ, మహమ్మదు ప్రవక్త వైవాహిక జీవితాన్ని పరిహసించిన రచన అది. బొమ్మలు గీసిన వ్యంగ్యం కాదు, మాటలతో చేసినది. రచయిత పేరు పుస్తకం మీద లేదు. పండిత చమూపతి అని తర్వాత వెల్లడైంది. ప్రచురణకర్త రాజ్‌పాల్ అనే ఆర్యసమాజ పుస్తక వ్యాపారి. చివరిదాకా ఆయన రచయిత పేరు బయటపెట్టలేదు.

1924 జూన్‌లో గాంధీ తన ‘యంగ్ ఇండియా’లో ఈ పుస్తకాన్ని తీవ్రంగా ఖండించారు. ప్రభుత్వం రాజ్‌పాల్ మీద 153ఎ కింద కేసు పెట్టింది. మేజిస్ట్రేటు పద్దెనిమిది నెలల కఠిన కారాగారం, వెయ్యి రూపాయల జరిమానా విధించాడు. సెషన్స్ కోర్టు ఆ శిక్షను ఆరు నెలలకు తగ్గించింది. 1927 మేలో లాహోరు హైకోర్టు న్యాయమూర్తి కన్వర్ దలీప్ సింగ్ దాన్ని పూర్తిగా కొట్టివేశాడు.

ఆ తీర్పును ఆనాడు తిట్టినవారిలో గాని, మెచ్చుకున్నవారిలో గాని దాన్ని చదివినవారు కొద్దిమందే అయి ఉంటారు. దలీప్ సింగ్ క్రైస్తవుడు. ఆ వివాదంలో ఏ పక్షానికీ చెందినవాడు కాడు. పుస్తకం నీచమైన వ్యంగ్యమేనని, ముస్లిములు ఆగ్రహించడం సహజమేనని ఆయన ఒప్పుకున్నాడు. అయితే 153ఎ సెక్షను జీవించి ఉన్న ఒక వర్గం మీద జరిగే దాడిని ఆపడానికి ఉద్దేశించినదని, గతించిన మతనాయకుడి మీద వచ్చిన విమర్శ ఎంత రోతగా ఉన్నా అది ఆ నిర్వచనంలోకి రాదని తేల్చాడు. దాని వెనుక ఆయన చెప్పిన కారణం మరీ ముఖ్యమైనది. విశ్వాసుల ఆగ్రహమే నేరానికి కొలబద్ద అయితే, ప్రవక్త జీవితాన్ని పరిశీలించి ఆయన గుణగణాలను తూచిన గంభీరమైన చరిత్ర గ్రంథం కూడా నేరమే కావలసి వస్తుంది. ఇలాంటి పుస్తకాలను శిక్షించాలంటే చట్టాన్ని మార్చుకోవాలని కూడా ఆయనే సూచించాడు.

ఈ చిక్కు ఇప్పటికీ విడిపోలేదు. శరీరానికి తగిలిన దెబ్బకు చట్టంలో కొలతలున్నాయి: ఎముక విరగడం, చూపు పోవడం, పదిహేను రోజుల తీవ్రబాధ వంటివి ఉంటే అది తీవ్రగాయం. పరీక్షించి, ధ్రువపత్రం రాసి ఇవ్వవచ్చు. మనసుకు తగిలిన దెబ్బకు అటువంటి పరీక్ష లేదు. బాధపడినవాడు ఎంత బిగ్గరగా అరిచాడన్నదే సాక్ష్యమైపోతుంది.

తీర్పు వెలువడగానే పంజాబు భగ్గుమంది. న్యాయమూర్తి రాజీనామా చేయాలని రాసిన ‘ముస్లిం అవుట్‌లుక్’ పత్రిక సంపాదకుణ్ణి, యజమానిని హైకోర్టు కోర్టుధిక్కారం కింద జైలుకు పంపింది. అదే మే నెలలో అమృతసర్‌లో ‘రిసాలా-ఎ-వర్తమాన్’ పత్రిక, ప్రవక్తను నరకయాత్రా వర్ణనలోకి దింపుతూ మరో రచన ప్రచురించింది. ఈసారి ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, అలాంటి రాతకు 153ఎ వర్తిస్తుందని ఆగస్టులో తీర్పు చెప్పి నిందితులను శిక్షించింది. అంటే పూడ్చవలసిన లోటు చట్టంలో లేదని అదే హైకోర్టు తేల్చేసింది. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. సెప్టెంబరులో కేంద్ర శాసనసభ 295ఎ సెక్షనును ఆమోదించింది. న్యాయసూత్రం కంటే వీధుల్లోని ఉద్రేకమే ఇక్కడ పనిచేసిందనడం తప్పు కాదు.

బిల్లును సమర్థించిన జిన్నా, చరిత్ర రచనలు చేసేవారికీ, సదుద్దేశంతో మతాన్ని విమర్శించేవారికీ రక్షణ ఉండాలని సభలో గట్టిగా చెప్పాడు. ‘బుద్ధిపూర్వకమైన, దురుద్దేశంతో కూడిన’ అన్న మాటలు సెక్షనులో ఉన్నాయి. దలీప్ సింగ్ భయపడిన చరిత్రకారుడికి మిగిలిన కవచం ఆ రెండు మాటలే.

చట్టం వచ్చింది గాని రాజ్‌పాల్‌ను కాపాడలేదు. అంతకుముందే ఆయన మీద హత్యాయత్నం జరిగింది. 1929 ఏప్రిల్ 6న లాహోరులోని తన దుకాణంలో ఉండగా, ఇల్ముద్దీన్ అనే వడ్రంగుల ఇంటి యువకుడు ఆయనను కత్తితో పొడిచి చంపాడు. మరణశిక్ష మీద అప్పీలులో ఇల్ముద్దీన్ తరఫున వాదించడానికి బొంబాయి నుంచి వచ్చినవాడు జిన్నాయే. సాక్ష్యాలు నమ్మదగినవి కావన్నాడు, నిందితుడి చిన్న వయసును చూడమన్నాడు. కోర్టు వినలేదు. అక్టోబరు 31న మియాన్వాలీ జైలులో ఉరి అమలైంది. రెండు వారాల తర్వాత శవాన్ని లాహోరుకు తెచ్చి మియానీ సాహిబ్ శ్మశానంలో ఖననం చేసినప్పుడు అశేష జనం వెంట నడిచారు. పుస్తకాల కొట్టు యజమానిని చంపినవాడు అలా ‘గాజీ’ అయ్యాడు.

1947 తర్వాత రెండు దేశాలకూ ఈ సెక్షను వారసత్వంగా దక్కింది. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో భారత సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూనే, ప్రతి అవమానమూ నేరం కాదని, దురుద్దేశంతో చేసిన తీవ్రరూపంలోని అవమానమే దీని కిందికి వస్తుందని స్పష్టం చేసింది. ఇప్పుడది భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షను. పోలీసు స్టేషన్లలో ఆ తేడాను ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే సంగతి.

పాకిస్తాన్‌లో జియా పాలనలో 1986లో 295సి చేరింది. ప్రవక్త పేరును కించపరచడానికి మరణశిక్ష గాని, యావజ్జీవం గాని విధించవచ్చునన్నారు. 1990లో ఫెడరల్ షరియత్ కోర్టు యావజ్జీవాన్ని తొలగించి మరణాన్నే నిలబెట్టింది. సూచనప్రాయంగా అన్నా, పరోక్షంగా అన్నా ఆ సెక్షను కింద నేరమే. జిన్నా పట్టుపట్టిన ఉద్దేశం ప్రసక్తి అందులో ఒక్క మాట కూడా లేదు.