నేల క్రింద నిప్పు, నేల పైన పలక

నంబులపూలకుంటలో ఇంటి నేలను వేడిచేయు ఏర్పాటు చేసికొందమని ఎవరైన అన్నచో విన్నవారు నవ్వుదురు. వేసవిలో అక్కడ మధ్యాహ్నవేళ వట్టికాళ్ళతో మిద్దె ఎక్కుటయే కష్టము. ఆ ఎండను నమ్మియే 2016లో ఎన్.టి.పి.సి. సంస్థ ఆ ప్రాంతమున 250 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పినది. అయినను, చలిదేశములలో నేలక్రింద వేడినీటి గొట్టములు పరచి వానిపై పెద్ద పింగాణి పలకలు అతికించు పనివానికి వచ్చు చిక్కును, ఈ ఊరి మిద్దెపై టైల్సు వేయు బేల్దారికి వచ్చు చిక్కును ఒకటియే. వేడి క్రిందినుండి వచ్చిననేమి, పైనుండి వచ్చిననేమి? వేడెక్కిన వస్తువు వ్యాకోచించును. పలకయు, దాని క్రింది కాంక్రీటును ఒకే కొలతలో వ్యాకోచింపవు. ఆ రెంటి తగవు తీర్చు భారము నడుమనున్న అతుకు పదార్థముపై పడును. ఆ అతుకు కథ రెండువేల యేండ్లనాటిది.

నేలను వేడిచేయుటలో రోమనులు ప్రసిద్ధులు. క్రీ. పూ. మొదటి శతాబ్దమున విట్రూవియస్ అను వాస్తుశాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథములో స్నానశాలల నేలలు కట్టు విధము వివరముగా కలదు. ఎనిమిదంగుళముల ఇటుకలతో రెండడుగుల ఎత్తున పొట్టి స్తంభములు కట్టవలెను. వాటి నెత్తిన రెండడుగుల చదరపు మట్టిపలకలు పరచి, ఆపైన నేల వేయవలెను. ప్రక్కనున్న కొలిమినుండి వేడిగాలి ఈ స్తంభముల నడుమ పారి నేలను వెచ్చబరచును. రెండడుగుల పలక అనగా నేటి అంగళ్ళలో అమ్ము 600 మిల్లీమీటర్ల టైలుకు ఇంచుమించు సమానమే! స్తంభముల ఇటుకలను అతుకుటకు ఆయన సున్నపు గారను చెప్పలేదు. వెంట్రుకలు కలిపి పిసికిన బంకమన్ను వాడుమనెను. గట్టిపడిన సున్నము వంగదు, మంట తాకిడికి బీటలువారును. మట్టి కొంచెము కదలికను ఓర్చుకొనును. వెంట్రుకలు దానిని విడిపోనీయవు. ఆ వర్ణన అంతటిలో మిక్కిలి తెలివైన మాట ఇదియే అని నా అభిప్రాయము.

కొరియా దేశపు ఓండోల్ పద్ధతిలో వంటపొయ్యి వేడిమియు, పొగయు నేలక్రింది కాలువలగుండా పోయి ఆవలి పొగగొట్టమున వెలువడును. కాలువలపై రాతిబండలు, వానిపై మట్టి, ఆపైన నూనె పట్టించిన దళసరి కాగితము. పైన గట్టి పలక లేదు గనుక అది పగులునను ప్రశ్న లేదు. కాని మట్టి బీటలిచ్చినచో పొగ ఇంటిలోనికి వచ్చును. 20వ శతాబ్దమున కట్టెలకు బదులు బొగ్గు దిమ్మెలు కాల్చుట ప్రబలిన పిదప, ఈ బీటలగుండా వచ్చిన కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే అనేకుల ప్రాణములు తీసినది. కాశ్మీరు మసీదుల హమాములలో నేటికిని బండల క్రింద కట్టెలు కాల్చి నేలను వేడిచేయుదురు.

మన రాయలసీమ వారికి నేలను వేడిచేయు అవసరము లేదు. వేడెక్కు కప్పును కాపాడుకొను అవసరము కలదు. పాత మిద్దెలలో దూలములపై బండలో కట్టెలో పరచి, మట్టి మెత్తి, మీద చవుడు వేసెడివారు. ఎండకు అది నెరియలు వాసినను వానలకు ముందు మరల చవుడు వేసిన సరిపోయెడిది. బెల్లపు నీరు, కరక్కాయ రసము కలిపిన సున్నపు గచ్చును ఉండెడిది. సున్నపు గచ్చు సిమెంటుకంటె మెత్తనిది. సన్నని కదలికను సహించును. ఇండ్ల లోపల తాడిపత్రి, బేతంచెర్ల బండలు పరచెడివారు. వాని అడుగు గరుకు; గారను గట్టిగా పట్టుకొనును.

పొగకు బదులు నీటితో నేలను వేడిచేయుట 20వ శతాబ్దపు పని. 1907లో ఇంగ్లండులో బార్కర్ అను ఇంజనీరు దీనికి పేటెంటు పొందెను. జపానులో కొరియా తరహా గది వెచ్చదనమును చవిచూచిన అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, 1937 నాటి జేకబ్స్ గృహమున కాంక్రీటు నేలక్రింద గొట్టములు వేయించెను. లోహపు గొట్టములు తుప్పుపట్టి కారినచో నేలంతయు త్రవ్వవలసివచ్చెడిది. 1960వ దశాబ్దపు చివర జర్మనీలో థామస్ ఎంగెల్ కృషివలన వచ్చిన గట్టి పాలిథిలీను గొట్టములు ఈ బాధను తొలగించినవి.

ఇక పలక సంగతి. బంకమన్ను, ఫెల్స్‌పార్, సిలికా కలిపి అచ్చొత్తి, దాదాపు 1200 డిగ్రీలలో కాల్చిన పోర్సెలిన్ టైలు 1980వ దశాబ్దమున ఇటలీలో వ్యాప్తికి వచ్చినది. నేడు గుజరాతులోని మోర్బి కర్మాగారములనుండి మన పల్లెలకును చేరుచున్నది. కాల్చునపుడు ఫెల్స్‌పార్ కరిగి గాజువలె రంధ్రములను పూడ్చివేయును. అందుచే అది తన బరువులో నూటికి అర వంతుకు మించి నీరు పీల్చదు. మరక అంటదు, నిజమే. కాని రంధ్రములు లేనిచోట సిమెంటు పట్టుకొనుటకు వ్రేళ్ళేవి? 1956లో అమెరికాలో హెన్రీ రోత్‌బర్గ్ స్థాపించిన లాటిక్రీట్ సంస్థ రబ్బరు పాలవంటి లేటెక్సును సిమెంటులో కలిపి అంటు గారను చేసినది. అది పలకను పట్టుకొనును, కొంత సాగును. రోమనుల వెంట్రుకల మట్టికి దీనిని మునిమనుమడనవచ్చును.

ఒక లెక్క చూడుడు. వ్యాకోచ గుణకము డిగ్రీకి పోర్సెలిన్‌కు పదిలక్షలలో సుమారు 7 వంతులు, కాంక్రీటుకు సుమారు 11 వంతులు. 8 మీటర్ల హాలు 25 డిగ్రీలు వేడెక్కినచో కాంక్రీటు 2.2 మిల్లీమీటర్లు, పలకలు 1.4 మిల్లీమీటర్లు పెరుగును. తేడా 0.8 మిల్లీమీటరు. 10 సెంటీమీటర్ల చిన్న పలకలైనచో ఈ తేడాను 80 సందులు పంచుకొనును, ఒక్కొక్కదానికి 0.01 మిల్లీమీటరు. 120 సెంటీమీటర్ల పలకలైనచో ఉండునవి ఆరేడు సందులే. భారము పన్నెండు రెట్లగును. పెద్ద పలకలకు సాగెడి అంటు గార ఎందుకు కావలెనో ఇందుచే తెలియును.

ఐరోపా నిబంధనలలో పని క్రమమును దీనికి తగినట్లే ఉన్నది. గొట్టములపై వేసిన సిమెంటు పూతను 21 దినములైనను ఆరనిచ్చి, పలకలు వేయుటకు ముందే మెల్లమెల్లగా వేడిచేసి చల్లార్చవలెను; పగులవలసినది అప్పుడే పగులును. మనుష్యులు మసలు చోట నేల 29 డిగ్రీలు మించరాదు. 40 చదరపు మీటర్లకు మించిన నేలను మెత్తని సందుతో విభజింపవలెను. పెద్ద పలకకు అడుగునను, నేలపైనను రెండుచోట్ల గార పూయుదురు; లోపల గాలి మిగిలినచో వేడి సరిగా పైకి రాదు.

మన ఊళ్ళలో మాత్రము ఇసుక, సిమెంటు కలిపి పరచి, మీద సిమెంటు పాలు పోసి, సందు లేకుండ పలకకు పలక ఆనించి వేయు అలవాటు ఇంకను కలదు. నాపరాతికి అది చాలినది. పోర్సెలిన్‌కు చాలదు. ఎండలో మిద్దె తల 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు పోవుట వింత కాదు. ఇది చలిదేశపు వెచ్చని నేలకంటె కఠినమైన పరీక్ష. కొన్ని వేసవులు గడచినపిమ్మట రెండు పలకలు ఒకదానికొకటి ఒత్తుకొని గుడారమువలె పైకి లేచును. విద్యార్థులు తమ బడిలోనో ఇంటిలోనో టైల్సుపై రూపాయి బిళ్ళతో తట్టి చూడవచ్చును. అంటుకొన్నచోట ధ్వని గట్టిగా, అంటనిచోట డొల్లగా వినబడును. డొల్ల పలకలను సుద్దతో గుర్తుపెట్టి, వేసవి దాటిన తరువాత మరల లెక్కించుడు.