కలంకారీలో పాల పూత

అద్దకానికి ముందు నూలుబట్టను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెట్టే సాంప్రదాయిక ప్రక్రియను పాల పూత అనవచ్చు. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, పెడన చెక్క అచ్చుల కలంకారీకి ప్రసిద్ధి చెందినవి.

ప్రక్రియ

కరక్కాయలోని టానిన్ ఇనుప ద్రావణంతో కలిసి నలుపునిస్తుంది. పటిక అద్దినచోట ఎరుపు రంగు నిలుస్తుంది. పాలలోని కొవ్వు, కేసిన్ అనే మాంసకృత్తు నూలుపోగులపై పలుచని పొరగా ఏర్పడి ద్రావణాలు పక్కలకు పాకకుండా ఆపుతాయి. పాలు చాలకపోతే గీత అలుక్కుపోయి బట్ట చెడుతుంది.

చరిత్ర

ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు కేర్దూ 1742లో కోరమాండల్ తీరపు అద్దకాన్ని వర్ణిస్తూ గేదెపాల వాడకాన్ని పేర్కొన్నాడు.

ప్రయోగశాలలో

ఎలీసా, వెస్టర్న్ బ్లాట్ పరీక్షలలోనూ ప్రతిరక్షకాలు అనవసరమైన చోట అంటుకోకుండా, ఖాళీ ఉపరితలాన్ని తరచుగా వెన్న తీసిన పాలపొడి ద్రావణంతో కప్పుతారు.