చర్చిలో ఆట – గుమ్మం బయట డప్పు

మాదిగ పల్లెల క్రైస్తవ చరిత్ర రాసినవాళ్లు బాప్తిస్మాల లెక్కలు రాశారు, బడుల లెక్కలు రాశారు, ఆస్పత్రుల లెక్కలు రాశారు. ఆ చర్చిలో ఎవరు ఆడారు, ఏ వాయిద్యానికి ఆడారు, ఏ వాయిద్యాన్ని గుమ్మం బయటే ఆపేశారు అన్నది మాత్రం చరిత్ర అనిపించుకోలేదు. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె చర్చిలో పదకొండేళ్లు ఆడపిల్లల చేత ఆరాధన నాట్యం చేయించినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. జవాబు వెతకాలంటే మాత్రం నూటయాభై ఏళ్లు వెనక్కి పోవాలి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ ఏడే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందాడు. పల్లె పల్లెకూ తిరిగి తనవాళ్లకు కొత్త మాట చెప్పింది ఆయనే. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చేరేవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

ఈ మూడో షరతులోనే డప్పు ఉంది. ఊరి దేవర కొలువుకి, జాతరకి, చావుకి డప్పు కొట్టడం మాదిగల మీద ఊరు మోపిన వెట్టి. కొట్టనంటే కూలి పోద్ది, కళ్లం దగ్గర గింజలు పోతయ్. అయినా కొట్టం అన్నారు. దీన్ని ఉత్త మతం మార్పిడిగా చూస్తే సగమే చూసినట్టు. ఒక కులం తన శ్రమను వెనక్కి తీసుకున్న సందర్భం అది.

ఆట సంగతీ ఇంతే. కోస్తాలో మాతంగి, రాయలసీమలో బసివి, తెలంగాణలో జోగిని. పేర్లు వేరైనా దేవత పేరుతో ఊరందరి ముందు ఆడాల్సింది దళిత ఆడపిల్లే. ఆ ఆటలో పూనకం ఉంది, కొంత అధికారం కూడా ఉంది. కానీ ఆట అయిపోయినాక ఆమె ఒంటి మీద హక్కు ఊరి మగవాళ్లదే. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో మాదిగల గురించి అచ్చేసిన పుస్తకంలో మాతంగి ప్రస్తావన ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. అంటే మధ్యలో దాదాపు తొంభై ఏళ్లు.

కాబట్టి మిషనరీలు మన సంస్కృతిని నాశనం చేశారు అనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. చర్చిలో డప్పు వద్దన్న ముసలోళ్లు తెల్లదొరకి లొంగి అన్నారనుకోవడం వాళ్ల తెలివిని తక్కువ చేయడమే. నేను ఒక క్రిస్మస్‌కి పిల్లల ఆటకు డప్పు పెడదామన్నప్పుడు ముందు కాదన్నది పాస్టరు కాదు, వెనక వరసలో కూచున్న అమ్మమ్మలు. ‘మళ్లా ఆ డప్పేనా?’ అన్నారు. ఆ ‘మళ్లా’లో ఎంతో చరిత్ర ఉంది.

అయితే ఖాళీ అయిన చోటుని ఏది నింపింది? పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి పై కులాల నుంచి వచ్చిన కవుల కీర్తనలు, రాగాలు, తాళాలు, ఆ తర్వాత హార్మోనియం. కీర్తన సంగీతం అయింది, డప్పు చప్పుడుగా మిగిలింది. ఆటల్లో కోలాటం ఒక్కటే నిలిచింది. దానికి కులం మచ్చ లేదు, అన్ని కులాల ఆడవాళ్లూ వేస్తారు కాబట్టి. ఆ తర్వాత పొడుగు గౌన్లు, రిబ్బన్లు, గిలకల టాంబురిన్ వచ్చినయ్. వాటిని ఎవరూ కాదన్లేదు. బయట దేశం నుంచి వచ్చిందానికి మన ఊళ్లో కులం ఉండదు గదా!

ఇక్కడొక మాట గమనించాలి. ఎర్రసముద్రం దాటినాక మిర్యాము పట్టుకున్న వాయిద్యాన్ని తెలుగు బైబిలు ‘తంబుర’ అంది. తెలుగువాళ్లకు తంబుర అంటే తీగల వాయిద్యం. హీబ్రూలో ఉన్న మాట ‘తోఫ్’. అరబ్బీ ‘దఫ్’ దాని చుట్టమే. గుండ్రటి చట్రానికి చర్మం బిగించి చేత్తో వాయించేది. దానికి మన పల్లెలో దగ్గరి వస్తువు డప్పు. వెట్టి నుంచి బయటపడ్డ జనం ఆడవాళ్లు చర్మవాద్యం వాయిస్తూ ఆడారన్న కథను మాదిగ స్త్రీలు తరతరాలు చదివారు. కానీ అది తమ కథలా వాళ్ల చెవిన పడలేదు.

1994 జూలై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైనాక డప్పు అర్థం మారింది. వెట్టి గుర్తు హక్కు గుర్తయింది. తమిళనాడులో థియోఫిలస్ అప్పావు పామర పాటను ఆరాధనలోకి తెచ్చాడు. సత్యనాథన్ క్లార్క్ 1998లో పరై డప్పు ఆధారంగా దళిత వేదాంతమే రాశాడు. మా దగ్గర మాత్రం శనివారం సభలో డప్పు కొట్టిన కుర్రాళ్లే ఆదివారం దాన్ని ఇంటి గోడకి తగిలించి చర్చికి వస్తారు.

డప్పు చర్చిలోకి రావాలనే నా వాదన. కానీ అమ్మమ్మల ‘మళ్లా’కి జవాబు చెప్పకుండా రాకూడదు. వెట్టిలో డప్పు మగవాడి చేతిలో ఉండేది, ఆట ఆడదాని ఒంటి మీద ఉండేది. చర్చిలోనూ అదే పంపకం నడిస్తే మారిందేముంది? నా దగ్గర ఆడిన పిల్లలు పగలు పొగాకు గ్రేడింగుకి పొయ్యి, చీకటిపడ్డాక అడుగులు నేర్చుకున్నవాళ్లు. పెళ్లి కుదరగానే ఆట మానాల్సిందే. సంఘ కమిటీలో వాళ్లకి చోటు లేదు. ఏ పాట ఆడాలో, ఏ బట్టలు కట్టాలో తేల్చేది ఆ కమిటీయే. డప్పు వస్తే అది ఆడపిల్లల చేతికే ముందు రావాలి, నిర్ణయం కూడా దానితో పాటే రావాలి.

సంఘ రిజిస్టర్లలో బాప్తిస్మం ఉంది, పెళ్లి ఉంది, చావు ఉంది, పెద్దల సంతకాలున్నయ్. ఆడినవాళ్ల పేర్లు లేవు. విద్యార్థి మిత్రులు, పంతుళ్లు తమ పల్లెల్లో డెబ్బై, ఎనభై ఏళ్ల ఆడవాళ్ల దగ్గర కూచుని ఎప్పుడు ఆడారో, ఎందుకు మానారో, ఎవరు మాన్పించారో అడిగి రాయాలి. ఆ తరం పోతే అడగటానికి ఎవరూ మిగలరు.