త్రియెస్తే మానసిక చికిత్సాలయం: మూసివేత చరిత్ర

ఇటలీ ఈశాన్య సరిహద్దులోని రేవు పట్టణం త్రియెస్తే. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్య పాలనలో, 1908లో, అక్కడి సాన్ జొవాన్ని కొండవాలుపై మానసిక చికిత్సాలయం ప్రారంభమయింది. తోటలు, విడివిడి భవనాలు, చర్చి, నాటకశాలతో అది చిన్న ఊరిని తలపించేది. కాని లోపలికి వెళ్ళినవారు తమ ఇష్టప్రకారం బయటకు రాలేరు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత త్రియెస్తే ఇటలీలో కలిసింది. 1904 నాటి ఇటలీ చట్టం ప్రకారం రోగి తనకు గాని ఇతరులకు గాని ప్రమాదకరం కావడమే నిర్బంధానికి ముఖ్య ప్రాతిపదిక. అందువల్ల వైద్యుడు కాపలాదారు కూడా అయ్యాడు.

1971లో ఫ్రాంకో బసాల్యా డైరెక్టరుగా వచ్చేనాటికి అక్కడ సుమారు 1,200 మంది ఉన్నారు. రోగులలో కనిపించే నిర్లిప్తతకు వ్యాధితోపాటు దీర్ఘకాల నిర్బంధం కూడా కారణమని ఆయన వాదించాడు. వార్డుల తలుపులు తెరిపించాడు. కట్టివేయడం, విద్యుత్ షాకులు మాన్పించాడు. అంతవరకు కూలి లేకుండా ఊడ్చి, ఉతికిన రోగులు సహకార సంఘంగా ఏర్పడి వేతనం పొందారు. డిశ్చార్జి అయినా వెళ్ళడానికి ఇల్లు లేనివారిని 'అతిథులు'గా అక్కడే ఉండనిచ్చారు. వారు రోగులు కారు, స్వేచ్ఛగా తిరగగల పౌరులు.

1973లో రోగులు, కళాకారులు కలిసి 'మార్కో కవాల్లో' అనే పెద్ద నీలి గుర్రపు బొమ్మను తయారుచేసి పట్టణ వీధులలో ఊరేగించారు. చికిత్సాలయంలో బట్టల బండిని లాగిన నిజమైన గుర్రం పేరే దానికి పెట్టారు.

1978 మే 13న ఇటలీ పార్లమెంటు 180వ చట్టాన్ని ఆమోదించింది. కొత్త చికిత్సాలయాల నిర్మాణాన్ని నిషేధించి, పాతవాటిని క్రమంగా మూసివేయాలని అది నిర్దేశించింది. అయితే ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. త్రియెస్తేలో చట్టానికి ముందే పట్టణంలో మానసిక ఆరోగ్య కేంద్రాలు తెరిచారు. అటువంటి కేంద్రాలు ఆలస్యమైన ప్రాంతాలలో భారమంతా కుటుంబాలపై పడింది. తాళం తీసినంత మాత్రాన సంస్కరణ పూర్తికాదని, ఇల్లు, పని, అందుబాటులో వైద్యం కూడా ఉండాలని ఈ తేడా నిరూపిస్తుంది.

నేడు సాన్ జొవాన్ని ఆవరణ గులాబీ తోటలున్న బహిరంగ ఉద్యానవనం. దాని ద్వారాలు అందరికీ తెరిచే ఉన్నాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 'రోగి', 'అతిథి' అనే హోదాల మధ్య తేడా ఏమిటి? ఆ మార్పు ఎందుకు ముఖ్యమైనది?